నౌపడలో ఎర్రటి అడుగులు

చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో రాజకుమారికి ఒక ఇంటిపేరు ఉందన్న సంగతే ఎవరికీ గుర్తుండేది కాదు. భామ రాజకుమారి అంటేనే తెలిసేది. తూర్పు భాగోతంలో సత్యభామ వేషం కట్టి ముప్పై ఏళ్ళకు పైగా ఆడిన మనిషి ఆమె. తెర వెనక నుంచి జడ ఒక్క విసురు ఇవతలికి విసిరిందంటే, చాపల మీద కునికిపాట్లు పడుతున్న ముసలమ్మలు కూడా లేచి కూర్చునేవారు. ఆ తర్వాత కాళ్ళు. జనం చెప్పుకునేది ఆమె కాళ్ళ గురించే. మద్దెల మీద ఏ జతి పడితే ఆ జతిని పాదాలతో బల్ల మీద పలికించేది. ఒక్కోసారి మద్దెల కంటే వెంట్రుకవాసి ముందే పలికించి, వాయించేవాడి వంక ఓరగా చూసేది. ఆ చూపుకి ఈలలు పడేవి.

వాయించేవాడు ఆమె మొగుడు వెంకటరావే. మేనత్త కొడుకు. మద్దెల నేర్చుకున్నది మేనమామ సూరయ్య దగ్గర, అంటే రాజకుమారి తండ్రి దగ్గర. సూరయ్యకి కొడుకుల్లేరు. మేనల్లుడికి పాఠం చెబుతుంటే కూతురు పక్కగదిలో చాటలో బియ్యం ఏరుకుంటూ కాళ్ళతో ఆ పాఠాన్ని పట్టేసింది. ఆ రోజుల్లో ఆడపిల్ల భాగోతం కట్టడమన్నది లేదు. భామ అయినా, ఆమె చెలికత్తె మాధవి అయినా మగవాళ్ళే కట్టాలి. సూరయ్య మేళంలో భామ గణపతిరావు. చీర కట్టి నడిచాడంటే ఊళ్ళో ఆడవాళ్ళే సిగ్గుపడేవారు, తమకా నడక రాలేదని.

ఒక ఏడు నరసన్నపేటలో ఆట ఒప్పుకున్నాక గణపతిరావు కామెర్లతో మంచం పట్టాడు. ఆట మానుకుంటే మేళం పరువు పోతుంది. సూరయ్య కూతురి ముఖానికి రంగు వేయించి తెర వెనక నిలబెట్టాడు. నరసన్నపేట బజారు వ్యాపారులు ఆ అమ్మాయిని శాలువా కప్పేదాకా కదలనివ్వలేదు. గణపతిరావు లేచి తిరిగేసరికి ఎక్కడ చూసినా ఒకటే మాట, "ఆ పిల్లనే తీసుకురండి". అతను గజ్జెలు మూటగట్టి పెట్టేసి పొలం పనుల్లో పడ్డాడు. సూరయ్య గడప మళ్ళీ తొక్కలేదు. ఎదురుపడితే రాజకుమారిని చూడనట్టే పక్కకు తప్పుకునేవాడు.

రాజకుమారి పేరు మాత్రం పెరిగింది. పర్లాకిమిడి దాకా పిలిచేవారు. హైదరాబాదులో ఆడింది, ఢిల్లీలో ఆడింది. తండ్రి పోయిన పదకొండో రోజుకే ఆట ఉంటే వెళ్ళి ఆడి వచ్చింది. పిల్లలు కలగలేదు. ఎవరైనా జాలిపడబోతే, "నాకు తీరికేదప్పా" అని నవ్వేసేది.

రెండువేల పది దాటేసరికి భాగోతం పిలుపులు పలచబడ్డాయి. అమ్మవారి పండగలకి డీజేలు వచ్చాయి, రికార్డింగు డ్యాన్సులు వచ్చాయి. తెల్లవార్లూ ఆడే ఆట ఓ రెండు గంటలకి కుదించుకుపోయింది. ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చే లోపల కానిచ్చేయమనేవారు. రాజకుమారి దానికీ పెద్దగా బాధపడలేదు. ఎంతసేపు ఆడమంటే అంతసేపు ఆడింది.

కాళ్ళ సంగతి బయటపడింది రెండువేల పన్నెండు వానాకాలంలో. ఒకరోజు చీపురుపల్లి స్టేషను దగ్గర ఆటో దిగి బజారుకి నడిచి వచ్చింది. కూరల కొట్టు ముందు నిలబడితే కొట్టామె, "అదేటమ్మా, ఒక కాలికే సెప్పుంది?" అంది. రాజకుమారి కిందికి చూసుకుంది. కుడికాలి చెప్పు లేదు. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. రాళ్ళూ బురదా తొక్కుకుంటూ అంతదూరం వచ్చిన పాదం బురదతో నల్లగా ఉంది. ఏమీ తగిలినట్టే లేదు.

విజయనగరంలో డాక్టరు పాదం కింద పెన్ను మొనతో గీశాడు.

"తెలుస్తోందా అమ్మా?"

"ఏటి బాబూ?"

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "షుగరు చాలా ఏళ్ళ నుంచే ఉంది. నరాలు మొద్దుబారిపోయాయి. మందులతో షుగరు తగ్గుతుంది, స్పర్శ మాత్రం తిరిగి రావడం కష్టం. చెప్పుల్లేకుండా అడుగు వేయొద్దు."

"సెప్పులేసుకుని భామెలగాడతాది బాబూ?"

ఆయన మందుల చీటీ రాసిచ్చాడు.

అయినా ఆడింది. నేల తెలియకపోతే చెవితో ఆడింది. గజ్జెల చప్పుడు వింటూ, మోకాలికి తగిలే అదురును బట్టి పాదం పడిందా లేదా అని లెక్క చూసుకునేది. అందుకని అడుగు బలంగా వేయడం మొదలుపెట్టింది. జనం దాన్ని మరోలా అర్థం చేసుకున్నారు. వయసు మీదపడే కొద్దీ రాజకుమారి అడుగులో బలం పెరుగుతోందని మెచ్చుకున్నారు. వెంకటరావు ఒక్కడే మద్దెల దించి అడిగాడు.

"ఒసే, ఎందుకంత గట్టిగా కొడతన్నావు?"

"తగల్తన్నాదో నేదో తెలీడం నేదు బావా."

అతను మద్దెల తాళ్ళు సర్దుకున్నాడు. "మరయితే మానీద్దుమా?" అన్నాడు.

"మానీసి ఏటి సేద్దుము?"

అక్కడితో ఆ మాట ముగిసింది.

రెండువేల పద్నాలుగు మాఘంలో నౌపడలో ఆట పడింది. ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళు అమ్మవారికి పండగ చేసుకుంటూ పిలిచారు. డ్రమ్ముల మీద చెక్కలు పరిచి స్టేజీ కట్టారు. పొద్దు వాలుతుండగా ఆట మొదలైంది. భామ తెర దాటి వస్తూ పాడే ప్రవేశ దరువు సగంలో ఉండగా ముందు వరసలో ఎవరో అరిచారు, "పారాణి అడుగులు పడతన్నాయి సూడండ్రా!" నిజమే, ఆమె కుడికాలు పడిన చోటల్లా చెక్క మీద ఎర్రగా ముద్ర పడుతోంది. లైట్ల వెలుగులో ఆ ముద్రలు గుండ్రంగా తిరిగి, పువ్వులా కనిపించాయి. ఈలలు, చప్పట్లు. రాజకుమారి ఆ చప్పట్లు వినే ఇంకాస్త జోరు పెంచింది. వెంకటరావుకి దూరపు చూపు ఆనదు. అతనూ చేయి జోరు చేశాడు. ఆట మొత్తం ఆడారు. మంగళం పాడారు.

స్టేజీ వెనక తవిటమ్మ గజ్జెలు విప్పబోయింది. మేళంలో మాధవి వేషం కట్టేది ఆమే. గజ్జెల మీద చెయ్యి వేసి వెనక్కి లాక్కుంది.

"ఓలమ్మో! ఇదేటప్పా!"

పాదం మధ్యలో మేకు. చెక్కలోంచి ఊడి వచ్చిన మేకు తల దాకా దిగి ఉంది. రాజకుమారి వంగి చూసింది. ఎవరిదో పరాయివాళ్ళ కాలు చూసినట్టు చూసింది. అంత నెత్తురు తనలోంచే కారిందా అని కూడా అనిపించలేదు. చీర పాడైపోతోందని కుచ్చిళ్ళు పైకి ఎత్తి పట్టుకుంది.

ఆ తర్వాత జరిగినవన్నీ ఆమెకి గాజు అద్దం అవతల జరిగినట్టే ఉండేవి. పుండు మానలేదు. మొదట వేలు నల్లబడింది, తర్వాత పాదం. విశాఖలో ఆసుపత్రిలో చేర్చారు. మోకాలి కింద నుంచి తీసేయాలని చెప్పి సంతకం అడిగితే, వెంకటరావు కాగితం ఆమె వైపు జరిపాడు. ఆమే పెట్టింది. మత్తు దిగాక దుప్పటి కింద కుడివైపు చదునుగా ఉండటం చూసి, దాహమేస్తోంది అని అడిగింది. చూడటానికి వచ్చినవాళ్ళు మంచం పట్టుకుని ఏడ్చేవారు. ఆమె వాళ్ళని భోంచేశారా, ఏ బండికి వచ్చారు అని అడిగేది. "గుండె రాయి సేసుకుంది" అని తవిటమ్మ బయట అందరికీ చెప్పింది. రాజకుమారి ఏమీ చేసుకోలేదు. ఏడుపు కోసం వెతుక్కుంది కూడా, ఒంటరిగా ఉన్నప్పుడు. దొరకలేదు.

ఈలోగా బయట ఒక కథ పుట్టింది. నౌపడలో ఎవరో సెల్లులో తీసిన వీడియో ఊళ్ళన్నీ తిరిగింది. మేకు దిగి నెత్తురు ఏరులా పారుతున్నా పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుని ఆట ఆపని మహాతల్లి అని పేపర్లో వేశారు. డీజేలు వచ్చాక భాగోతం వంక చూడనివాళ్ళు కూడా ఆ మాట చెప్పుకుని కళ్ళు తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళ ఆట పక్కకుపోయింది. ఆ ఒక్క సాయంత్రమే మిగిలింది.

రెండువేల పదహారులో విజయనగరంలో సన్మానం చేశారు. కర్రకాలు పెట్టుకుని, వెంకటరావు భుజం పట్టుకుని వేదిక ఎక్కింది. ఉపన్యాసాలు ఇచ్చినవాళ్ళంతా నౌపడ గురించే మాట్లాడారు. ఆ నొప్పిని కళగా మార్చిన తపస్విని అన్నాడొకాయన. మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టారు.

"అదేటీ నేదు బాబూ," అంది రాజకుమారి. "నాకు తెలీనేదు. తెలిస్తే ఆపీదాన్ని."

సభంతా చప్పట్లతో మారుమోగిపోయింది. ఎంత వినయం, అన్నారు పక్కన కూర్చున్న పెద్దలు. ఆమె మళ్ళీ చెప్పబోయింది. మైకు అప్పటికే మరొకరి చేతిలోకి వెళ్ళిపోయింది. ఇంటికి వచ్చాక వెంకటరావు శాలువా మడతపెడుతూ, "నిజమే సెప్పినావు కదే. ఒక్కడికీ ఎక్కనేదు," అన్నాడు. కాలు పోయిన దగ్గర్నుంచి అతను మద్దెల ముట్టడం మానేశాడు. గోడకి తగిలించిన మద్దెల మీద గుడ్డ కప్పి ఉండేది.

ఆ ఎండాకాలంలోనే ఒక మధ్యాహ్నం గణపతిరావు వచ్చాడు. ఎప్పుడో మూసుకుపోయిన దారి అది. వీధిగుమ్మంలో ఉన్న వెంకటరావు పక్కకి జరిగాడు. ముసలాయన చేతికర్ర గోడకి ఆనించి, అరుగు మీద ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే తాగాడు.

"నీ కాలు తీసీసినారని ఇన్నాను," అన్నాడు. "ఇన్న పూట ఇంటికాడ కూకొని సూసుకున్నాను, నాకు సంతోషం కలుగుతాదేటో అని. ఇన్నేళ్ళూ నిన్ను తిట్టుకున్నోణ్ణి కదా. ఏటీ కలగనేదు. జాలీ కలగనేదు. నిన్ను సూస్తే ఏటైనా కలుగుతాదేటో అని ఇన్నాళ్ళకి ఒచ్చినాను."

"కలిగినాదా మావా?"

అతను ఆమెను పైనుంచి కిందికి నింపాదిగా చూశాడు. "నేదు."

"నాకూ అంతే," అంది రాజకుమారి. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

ముసలాయనే మళ్ళీ మాట కలిపాడు.

"మేకు దిగినా ఓర్సుకుని ఆడినావని సెప్పుకుంటన్నారు. అది అబద్ధం కదేటి? మేకు గుచ్చుకుంటే కాలు దానికదే ఎగిరిపోతాది. నీకు తెలిసుండదు."

"తెలీనేదు మావా. ఎంతమందికి సెప్పినా నమ్మరు."

"నమ్మకపోతే పోనీ. ఆల్లకి ఆ కతే కావాల."

ఆమె అప్పుడు అతనికి ఇంకో సంగతి చెప్పింది, మొగుడికి కూడా చెప్పనిది. లేని కాలు ఇప్పుడు తెలుస్తోంది. ఉన్నన్నాళ్ళూ రాయి తగిలినా, నిప్పు తగిలినా తెలియని పాదం, తీసేశాక దురద పెడుతోంది. ఒక్కో పూట వేడి నేల మీద పెట్టినట్టు చురుక్కుమంటోంది. గోక్కుందామంటే అక్కడ ఏమీ ఉండదు. గణపతిరావు ఆశ్చర్యపోలేదు. "నాను వేషం మానీసిన సాన్నాళ్ళ దాకా పొలంలో నడుస్తుంటే సీర కుచ్చిళ్ళు కాలికి అడ్డం పడతన్నట్టే ఉండీది," అన్నాడు. ఆ తర్వాత వారానికోసారైనా వచ్చి కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు.

భరణి వచ్చింది ఆ మరుసటి ఏడు. నరసన్నపేటలో పెద్ద బట్టల కొట్టున్న ఇంటి కోడలు. చిన్నప్పుడు బడిలో కాస్త నాట్యం నేర్చుకుంది. ఒక బిడ్డ తల్లి. ఆదివారం ఆదివారం బస్సులు మారి వచ్చి నేర్చుకుంటానంది.

"ఎందుకు నేర్సుకుంటావు?" అని అడిగింది రాజకుమారి.

"మీ వీడియో చూశానమ్మా. నౌపడది. ఆ ఓర్పులో వందోవంతు నాకు వస్తే చాలు."

రాజకుమారి ఆమెను వద్దని పంపించేద్దామనుకుంది. ఆ మాట అనడానికి ఓపిక చాలక, "రా అయితే," అంది.

పాఠం విచిత్రంగా సాగేది. రాజకుమారి కుర్చీలో కూర్చుని ముందున్న చెక్కబల్ల మీద రెండు చేతులతో జతులు కొట్టేది. కళ్ళూ, మెడా, జడ విసురూ గణపతిరావు చెప్పేవాడు. భామకి కోపం ముక్కు మీద కాదు, భుజం మీద ఉండాలని కర్రతో తట్టి చూపించేవాడు. ఇద్దరికీ పాఠం దగ్గర పడేది కాదు. "అది నా పద్ధతి కాదు" అని ఆమె, "నా వేషం నాకు నేర్పుతావేటే" అని అతను. వెంకటరావు కొన్ని వారాలు లోపల నుంచే విన్నాడు. ఒక ఆదివారం బల్ల మీద తాళం తప్పిందని విసుక్కుంటూ మద్దెల దించి, గుడ్డ తీసి వచ్చి కూర్చున్నాడు.

ఒకనాడు భరణి అడుగు ఎక్కడో నలిగినట్టనిపించింది రాజకుమారికి. చెవికి తెలిసింది. ముఖం చూస్తే పిల్ల పళ్ళు బిగబట్టి నవ్వుతోంది. గచ్చు మీద తడి.

"ఆపు," అంది.

భరణి ఆపలేదు. దరువు పూర్తి చేయాలని ఇంకా తిరుగుతోంది.

"ఆపమన్నానా!" బల్ల మీద చెయ్యి ఎంత గట్టిగా పడిందంటే వెంకటరావు మద్దెల మీద నుంచి చేతులు తీసేశాడు. "కాలెత్తు. సూపించు."

మడమ దగ్గర బొబ్బ చితికి చర్మం ఊడిపోయి ఉంది. వారం నుంచీ ఉందట. బస్సులో వస్తుంటేనే నెత్తురు కారిందట.

"నొప్పిగా ఉందా?"

"ఉందమ్మా. కానీ మీరు..."

"నానేటి? నాను ఓర్సుకున్నాననుకున్నావా? నాకు తెలీక ఆడినాను. నీకు తెలిసి కూడా ఆడతావేటే? తెలిసిన కాలుండి నొప్పి తొక్కీసి ఆడితే అదేటి ఆట? ఒసే, నొప్పెడితే అంతకన్నా అదృష్టమేటున్నాది?"

భరణి భయపడి ఏడ్చేసింది. రాజకుమారికి ఒళ్ళంతా వణుకుతోంది. అది కోపమని కాసేపటికి అర్థమైంది ఆమెకి. ఎన్నేళ్ళకో వచ్చింది. పట్టుకుందామని చూసింది గానీ సాయంత్రానికల్లా చల్లారిపోయింది, మళ్ళీ ఎప్పటిలాగే అయింది. పుండు ఆరేదాకా భరణిని రావద్దని చెప్పి పంపింది. మరుసటి నెల తిరిగి వచ్చినప్పుడు భరణి ఓర్పు మాట ఎత్తలేదు.

రెండువేల పద్దెనిమిదిలో చీపురుపల్లి జాతరలో భరణి మొదటిసారి భామ కట్టింది. అక్కడ గుమిగూడినవాళ్ళలో సగంమంది రాజకుమారిని చూడటానికే వచ్చారు. ఆమెను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. పిల్ల బాగానే ఆడింది. జడ విసురుకి ఈలలు పడ్డాయి. రెండో దరువులో కొంచెం తొందరపడింది. ఆట అయ్యాక ఎవరో వచ్చి, "అచ్చం మిమ్మల్నే సూసినట్టున్నాది," అన్నారు. రాజకుమారి తల ఊపింది. అచ్చం కాదని ఆమెకి తెలుసు.

తిరిగి వెళ్తుంటే ఆటోలో వెంకటరావు అడిగాడు.

"ఎలగనిపించింది నీకు?"

ఆమె నిజంగానే వెతికి చూసుకుంది. గర్వం ఉంటుందేమో, ఈర్ష్య ఉంటుందేమో, కనీసం ఆ పిల్ల మీద ప్రేమైనా ఉంటుందేమో అని. దూరంగా, గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టు ఏదో ఉంది గానీ మాటలు తెలియలేదు.

"బాగానే ఉన్నాది బావా," అంది. "ఆకలేస్తన్నాది."

గణపతిరావు ఆ ఏడు తిత్లీ తుపాను తర్వాత పోయాడు. తుపానుకి కాదు, వయసుకే. భరణి వచ్చి పాడె వెనక నడిచింది. ఆడవాళ్ళు రాకూడదన్నవాళ్ళకి రాజకుమారి, "ఆయనా మాలాగ సీర కట్టి బతికినోడే, రానీయండి," అని చెప్పింది.

ఇప్పుడు మేళం భరణి పేరు మీద నడుస్తోంది. పిలుపులు ఎక్కువేం కాదు. అయినా పండగల్లో, కాలేజీల్లో ఆడుతోంది. మొన్నామధ్య నరసన్నపేటలో ఆడినప్పుడు రాజకుమారి కూడా వెళ్ళింది. ప్రవేశ దరువులో భరణి ఒక అడుగు మార్చింది. రాజకుమారి ఎప్పుడూ మద్దెలకి ఒక వెంట్రుకవాసి ముందు వేసే చోట, ఈ పిల్ల ఆగి, మద్దెలని ముందు వెళ్ళనిచ్చి, తీరిగ్గా దాని వెనక పాదం పెట్టింది. జనంలో నవ్వు లేచింది, ఆ అడుగు భామ తన మొగుణ్ణి కాసేపు కాచుకోమన్నట్టుగా ఉందని. వెంకటరావు తడబడ్డాడు. విరామంలో చెమట తుడుచుకుంటూ వచ్చి గొణిగాడు.

"అదేటే, అలగ మార్సీసింది? మీ నాన్న సెప్పిందేనా అది? నువ్వైనా సెప్పు."

రాజకుమారి తెర వైపు చూస్తోంది. తెర వెనక భరణి నీళ్ళు తాగి, జడ బిగించుకుంటోంది.

"ఆడనీ బావా," అంది. "నువ్వు ఆగడం నేర్సుకో."

వెంకటరావు గొణుక్కుంటూనే వెళ్ళి మద్దెల ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె కుర్చీలో కాస్త వెనక్కి వాలి, చీర కొంగు మోకాళ్ళ మీదికి సర్దుకుని, తెర లేవడం కోసం చూస్తూ కూర్చుంది.